చిన్న లీగ్‌లలో మన లీగ్ ఏది? జపాన్, కొరియా, స్వీడన్, నార్వే, ఐర్లాండ్‌ల మధ్య ఎంపిక

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌నూ స్పెయిన్ లా లిగానూ ఏళ్ల తరబడి చూస్తున్న తెలుగు అభిమానులు కొందరు ఈ మధ్య నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. అంతగా పేరు లేని వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఒకదాన్ని ఎంచుకుని, అందులో ఒక క్లబ్‌ను మనదనుకుని, సీజన్ పొడవునా దాని వెంట నడవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది వారి సందేహం. ఆట ఎక్కడ బాగుంటుందన్న కొలతతో ఈ ఎంపిక చేయకూడదని నా అభిప్రాయం. ఆట నాణ్యతలో ఈ లీగ్‌లు మాడ్రిడ్‌కో మాంచెస్టర్‌కో సాటిరావు, వాటిని చూసేది అందుకోసం కాదు కూడా. చూడవలసినవి రెండే రెండు విషయాలు. ఆ మ్యాచ్‌లు మన గడియారంలో ఏ వేళకు పడతాయన్నది మొదటిది. మనం మనసు పెట్టుకున్న క్లబ్ మరో పదేళ్ల తరువాత కూడా అదే ఊళ్లో, అదే పేరుతో ఉంటుందా అన్నది రెండోది.

మొదటి విషయాన్ని తేలిగ్గా తీసుకుని నేనే ఒకసారి నష్టపోయాను. స్టేడియాల్లోని హోరు చూసి అర్జెంటీనా లీగ్‌ను ఎంచుకున్నాను. బ్యూనస్ ఎయిరీస్ సమయం మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి అక్కడ సాయంత్రం ఏడు గంటల మ్యాచ్ హైదరాబాద్‌లో తెల్లవారుజామున మూడున్నరకు మొదలవుతుంది. మొదటి రెండు వారాలు అలారం పెట్టుకుని లేచాను, మూడో వారం నుంచి మరునాడు హైలైట్స్ మాత్రమే చూశాను, ఆరో వారానికి పాయింట్ల పట్టిక చూడటం కూడా మానేశాను. ముప్ఫై జట్లు, ఏడాదిలో రెండు వేర్వేరు టోర్నీలు, మూడేళ్ల సగటును బట్టి దిగువ అంచెకు, అంటే కింది స్థాయి లీగ్‌కు, పంపే పద్ధతి, వీటన్నిటినీ దూరం నుంచి, అదీ నిద్రమత్తులో, అర్థం చేసుకోవడం నా వల్ల కాలేదు. లీగ్‌లో లోపమేమీ లేదు. నేను ఎంచుకున్న తీరే సరైనది కాదు.

గడియారం చెప్పేది

ఇండియాలో ఉన్నవారికి సమయం విషయంలో జపాన్, దక్షిణ కొరియాలు చక్కగా కుదురుతాయి. రెండు దేశాల సమయమూ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ మధ్యాహ్నం రెండు గంటలకు మొదలయ్యే మ్యాచ్ మనకు ఉదయం పదిన్నరకు, అక్కడి రాత్రి ఏడు గంటల మ్యాచ్ మధ్యాహ్నం మూడున్నరకు వస్తుంది. ఆదివారం టిఫిన్ ముగించి కూర్చుంటే వంటింట్లో కుక్కర్ కూతలు వినబడే వేళకు మ్యాచ్ అయిపోతుంది. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదు, పిల్లలు కూడా పక్కన కూర్చుని చూడగలరు.

స్వీడన్, నార్వేల సమయం వేసవిలో మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి వాటి మ్యాచ్‌లు మన సాయంత్రాలకు సరిపోతాయి. స్టాక్‌హోంలో మధ్యాహ్నం మూడు అంటే మనకు ఆరున్నర, ఓస్లోలో సాయంత్రం ఐదు అంటే రాత్రి ఎనిమిదిన్నర. అక్టోబర్ చివర వారు గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక ఇంకో గంట ఆలస్యమవుతుంది, అప్పటికి సీజన్ ఎలాగూ ముగింపు దశలో ఉంటుంది. అమెరికాలోని మనవాళ్లకు కూడా ఈ రెండు లీగ్‌లే అనువైనవి: స్టాక్‌హోంలో మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్ న్యూజెర్సీలో ఉదయం తొమ్మిదికి, డాలస్‌లో ఎనిమిదికి మొదలవుతుంది. అదే జపాన్ మధ్యాహ్నపు మ్యాచ్ వారికి అర్ధరాత్రి దాటాక పడుతుంది.

ఐర్లాండ్ మ్యాచ్‌లు ఎక్కువగా శుక్రవారం రాత్రి ఏడూ నలభై ఐదుకు ఉంటాయి, అంటే వేసవిలో మనకు శుక్రవారం అర్ధరాత్రి దాటాక పన్నెండుంబావుకు. శనివారం సెలవున్నవారికి అది భరించదగిన వేళే గానీ, ఏడాది పొడవునా పాటించడం కష్టం.

సీజన్ నెలలు కూడా చూసుకోవాలి. స్వీడన్, నార్వే, ఐర్లాండ్‌లలో చలికాలంలో విరామమిచ్చి వసంతం నుంచి శరత్తు చివరి దాకా ఆడతారు. పెద్ద లీగ్‌లు ఆగిపోయే జూన్, జులై నెలల్లో వీటి సీజన్ నడిమధ్యలో ఉంటుంది కాబట్టి ప్రీమియర్ లీగ్‌ను వదులుకోకుండానే రెండో లీగ్‌ను పెట్టుకోవాలనుకునేవారికి ఇది మంచి అవకాశం. జపాన్ కూడా ఇన్నాళ్లూ ఫిబ్రవరి నుంచి డిసెంబర్ వరకే ఆడేది. అయితే 2026 ఆగస్టు నుంచి అది ఐరోపా పద్ధతికి మారి, మధ్యలో చలికాలపు విరామంతో, మరుసటి వేసవి దాకా ఆడేలా నిర్ణయించుకుంది. వేసవి ఖాళీని నింపుకోవడమే మీ ఉద్దేశమైతే ఈ మార్పును గుర్తుంచుకోండి.

క్లబ్ ఎవరిది?

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే హైదరాబాద్ అభిమానులకు ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ 1-1తో ముగిసి పెనాల్టీలకు వెళ్లినప్పుడు, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి కేరళ బ్లాస్టర్స్ పెనాల్టీలు మూడింటిని ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీని విజేతగా నిలిపాడు. 2019లో పుట్టిన క్లబ్‌కు మూడో సీజన్‌లోనే దక్కిన టైటిల్ అది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. మ్యాచ్ ఓడినప్పుడు కలిగే బాధకూ, క్లబ్ ఊరు వదిలి వెళ్లినప్పుడు కలిగే బాధకూ పోలిక లేదు. అందుకే కొత్త లీగ్‌ను ఎంచుకునేటప్పుడు క్లబ్ ఓటు ఎవరి చేతిలో ఉందో ముందే కనుక్కోమని అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను.

ఈ విషయంలో స్వీడన్‌కు నేను మొదటి స్థానమిస్తాను. అక్కడి క్రీడా సమాఖ్య నియమం ప్రకారం క్లబ్ ఓటు హక్కులో కనీసం 51 శాతం సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. చిన్న రుసుము కట్టి ఎవరైనా సభ్యులు కావచ్చు, వార్షిక సమావేశంలో ఓటు వేయవచ్చు. ఈ ఓటుకు ఎంత బలముందో 2024లో అందరూ చూశారు: సభ్యులు తమ తమ క్లబ్‌లలో వీడియో రిఫరీ పద్ధతికి వ్యతిరేకంగా తీర్మానాలు చేయడంతో, క్లబ్‌లలో అధిక భాగం వద్దన్నందున దాన్ని ప్రవేశపెట్టబోమని, ఒకప్పటి దేశ ప్రధాని, అప్పటి ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు అయిన ఫ్రెడ్రిక్ రైన్‌ఫెల్ట్ ప్రకటించారు. అందువల్ల స్వీడన్ పై అంచె అయిన ఆల్స్‌వెన్‌స్కాన్ లీగ్‌లో గోల్ పడితే అది గోలే. గీతలు గీసి చూసేదాకా ఆగనవసరం లేకుండా వెంటనే కేక వేయవచ్చు. కొన్నేళ్లుగా మనం కోల్పోయిన ఆనందం అది.

ఎంతటి ఆటగాడైనా ఈ నియమానికి లోబడవలసిందే. 2019లో తన తొలి క్లబ్ ఉన్న మాల్మోలో జ్లాటాన్ ఇబ్రహిమోవిచ్ కంచు విగ్రహం వెలిసిన కొద్ది వారాలకే, ఆయన స్టాక్‌హోం క్లబ్ హమ్మర్‌బీలో దాదాపు నాలుగో వంతు వాటా కొన్నారు. మాల్మో అభిమానులు ఆ విగ్రహం ముక్కు కోసి, చివరకు దాన్ని పడగొట్టారు. విగ్రహాన్ని ధ్వంసం చేయడాన్ని నేను సమర్థించను. కాకపోతే అంత పేరున్న వ్యక్తి కూడా అక్కడ క్లబ్‌కు యజమాని కాలేడు, వాటాదారు మాత్రమే కాగలడు.

ఇటువంటి లీగ్‌లో చిన్న క్లబ్‌లకు చోటుండదని అనుకునేవారు మ్యాల్‌బీని చూడాలి. దేశపు దక్షిణ కొసన, బాల్టిక్ సముద్రపు ఒడ్డున, హెల్లెవిక్ అనే చేపల పల్లెలో ఉన్న క్లబ్ అది. 2018లో మూడో అంచెలో ఆడుతున్న జట్టు, 2020 నాటికి పై అంచెకు చేరి, 2025లో 30 మ్యాచ్‌లలో 75 పాయింట్లతో లీగ్ రికార్డు నెలకొల్పి, తన చరిత్రలో తొలిసారి దేశ విజేత అయింది. దాని మైదానం పేరు స్ట్రాండ్‌వాలెన్. స్వీడన్ భాషలో 'స్ట్రాండ్' అంటే ఒడ్డు, మైదానం కూడా నిజంగా ఒడ్డునే ఉంది. టీవీలో చూస్తుంటే గాలికి బంతి దారి తప్పడం తెలుస్తూనే ఉంటుంది.

నార్వేలోనూ సభ్యుల సంఘాలదే పైచేయి, అదీ స్వీడన్‌లాగే పదహారు జట్ల లీగే. రెండింటిలో ఏదని అడిగితే, ఐరోపా కప్పుల రాత్రులంటే మక్కువ ఉన్నవారు నార్వేను ఎంచుకోవచ్చు. ఆర్కిటిక్ వలయానికి పైనున్న బోడో పట్టణపు క్లబ్ బోడో-గ్లిమ్ట్, ఎనిమిది వేల మంది పట్టే చిన్న స్టేడియంలో 2021 అక్టోబర్‌లో జోసె మొరీన్యో శిక్షణలోని ఇటలీ క్లబ్ రోమాను 6-1తో ఓడించింది, 2025లో ఐరోపా క్లబ్‌ల రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది. నార్వే క్లబ్ ఏదీ అంతకుముందు ఆ మెట్టు ఎక్కలేదు. ఆ క్లబ్ అభిమానులు పసుపుపచ్చని పెద్ద టూత్‌బ్రష్‌లను ఊపుతూ స్టాండ్స్‌లో నిలబడటం మొదటిసారి చూసినప్పుడు వింతగా అనిపిస్తుంది, రెండు మూడు మ్యాచ్‌లకు అలవాటై కళ్లు వాటినే వెతుక్కుంటాయి. అయితే 2020 నుంచి 2024 వరకు ఐదింటిలో నాలుగు టైటిళ్లు ఆ ఒక్క క్లబ్‌కే పోయాయి. 2025లో వైకింగ్ అనే క్లబ్ ఆ వరుసను తెంచింది గానీ, పోటీ సమంగా ఉండాలనుకునేవారికి ఇప్పటికీ స్వీడనే మేలు.

కొరియా, జపాన్‌ల కథ వేరు. అక్కడి క్లబ్‌లు చాలావరకు కంపెనీల జట్లుగా పుట్టాయి. కొరియా లీగ్ 1983లోనే మొదలైంది, కంపెనీ నిర్ణయిస్తే జట్టు ఊరు మారడం అక్కడ జరిగింది. 2004లో అన్యాంగ్ నగరపు జట్టు, ఎల్‌జీ చీతాస్, రాజధానికి తరలి ఎఫ్‌సీ సోల్‌గా మారింది. వెనుక మిగిలిపోయిన అన్యాంగ్ అభిమానులు తొమ్మిదేళ్లు జట్టు లేకుండా గడిపారు. 2013లో నగరపు సొంత క్లబ్‌గా ఎఫ్‌సీ అన్యాంగ్ పుట్టి రెండో అంచెలో ఆడసాగింది. 2024లో రెండో అంచె విజేతగా నిలిచి 2025లో పై అంచెకు వచ్చింది, ఆ ఏడాది ఆగస్టులో సోల్ స్టేడియంలోనే ఎఫ్‌సీ సోల్‌ను 2-1తో ఓడించింది. ఇరవై ఒక్క ఏళ్ల నిరీక్షణ అది. కొరియా లీగ్‌ను ఎంచుకునే హైదరాబాద్ అభిమానికి ఏ జట్టును చూడమనాలో ఇంకా చెప్పనవసరం లేదనుకుంటాను.

జపాన్ 1993లో పది క్లబ్‌లతో జె-లీగ్ మొదలుపెట్టినప్పుడే, క్లబ్ పేరులో కంపెనీ పేరు కాక ఊరి పేరు ఉండాలని, ప్రతి క్లబ్‌కూ ఒక సొంత ఊరు ఉండాలని కట్టడి చేసింది. ఆ కట్టడి కూడా అన్ని వేళలా కాపాడలేదు. డబ్బు పెట్టే సంస్థ తప్పుకోవడంతో యోకోహామా ఫ్లూగెల్స్‌ను అదే నగరపు మరో క్లబ్‌లో కలిపేశారు. 1999 జనవరి 1న జపాన్ జాతీయ కప్ పోటీ అయిన ఎంపరర్స్ కప్ ఫైనల్ గెలిచిన రోజే ఆ జట్టుకు ఆఖరి రోజైంది. విలీనాన్ని అంగీకరించని అభిమానులు యోకోహామా ఎఫ్‌సీ అనే కొత్త క్లబ్‌ను స్థాపించారు, 2007లో అది పై అంచెలో ఆడింది. ఆ తరువాత మూడు అంచెలుగా విస్తరించిన జె-లీగ్‌లో 2024 నుంచి అంచెకు ఇరవై చొప్పున అరవై క్లబ్‌లు ఉన్నాయి. వాటిలో అధిక భాగం మన వరంగల్, రాజమండ్రి వంటి ఊళ్లకు చెందినవే.

జపాన్‌లో అయితే రెండో అంచె

జపాన్‌ను ఎంచుకునేవారికి నా సలహా సూటిగా ఒక్కటే: జె1 కాదు, జె2 చూడండి. పై అంచెలో మంచి ఆటగాళ్లు త్వరగా ఐరోపాకు వెళ్లిపోతుంటారు, మీరు పేర్లు నేర్చుకునేలోపే జట్టు మారిపోతుంది. రెండో అంచెలో పైకి ఎగబాకే ఆరాటం నవంబర్ దాకా సడలేది కాదు, మారిన క్యాలెండర్‌లోనూ అది తగ్గడానికి కారణం కనబడదు. మొదటి రెండు స్థానాల జట్లు నేరుగా పై అంచెకు వెళతాయి. మూడు నుంచి ఆరో స్థానం వరకున్న నాలుగూ ప్లేఆఫ్ ఆడతాయి. ఇందులో ఒక నిబంధన ఉంది: మ్యాచ్ సమంగా ముగిస్తే అదనపు సమయం గానీ పెనాల్టీలు గానీ ఉండవు, పట్టికలో పైనున్న జట్టే గెలిచినట్టు.

2023 డిసెంబర్ 2న టోక్యో జాతీయ స్టేడియంలో జరిగిన ప్లేఆఫ్ ఫైనల్‌ను ఈ నిబంధన ఎలా మార్చేసిందో చూడండి. ఒకవైపు జె-లీగ్ తొలి రెండు సీజన్ల విజేతగా వెలిగి, 2008 తరువాత పై అంచె మొహమే చూడని టోక్యో వెర్డీ. మరోవైపు ఒక్క పాయింట్ తేడాతో నేరుగా పైకి వెళ్లే అవకాశం పోగొట్టుకున్న షిమిజు ఎస్-పల్స్. రెండో అంచె మ్యాచ్‌కు యాభై వేలకు పైగా జనం వచ్చారు. షిమిజు పెనాల్టీతో ఒక గోల్ ఆధిక్యం సాధించి, తొంభై నిమిషాలు గడిచేదాకా దాన్ని కాపాడుకుంది. అదనంగా కలిపిన సమయంలో వెర్డీ యువ ఫార్వర్డ్ ఇత్సుకి సొమెనో పెనాల్టీ పెట్టెలో పడిపోయాడు, లేచి తానే పెనాల్టీ తీసుకుని ఆరో అదనపు నిమిషంలో గోల్ చేశాడు. స్కోరు 1-1. షిమిజు ఓడిపోలేదు, కానీ పట్టికలో పైనున్న వెర్డీ పదహారేళ్ల తరువాత పై అంచెకు వెళ్లింది. షిమిజు ఆటగాళ్లు మైదానంలోనే కూలబడ్డారు, కొంతసేపటికి లేచి తమ అభిమానుల ముందు వరుసగా నిలబడి నడుము వంచి నమస్కరించారు. గెలిచినా ఓడినా జపాన్‌లో ప్రతి మ్యాచ్ తరువాతా ఉండే ఆనవాయితీ అది. మ్యాచ్ అయిపోగానే టీవీ కట్టేయకండి, ఆ రెండు నిమిషాలూ చూడండి.

భాష రాదన్న భయం అక్కర్లేదు. జపాన్ వ్యాఖ్యానంలో ఆటగాళ్ల పేర్లు వినబడితే చాలు, డోలు దెబ్బలతో తొంభై నిమిషాలూ ఆగకుండా పాడే స్టాండ్స్ మిగతాది చెబుతాయి. ఏ జట్టు ఎప్పుడు ఆడుతుందో ఫోట్‌మాబ్, సోఫాస్కోర్ వంటి యాప్‌లు మన సమయంలోనే చూపిస్తాయి. ప్రసార హక్కులు ఏటా మారుతుంటాయి కాబట్టి చందా కట్టేముందు లీగ్ అధికారిక వెబ్‌సైట్‌లో మీ దేశానికి ఏ వేదిక ఉందో చూసుకోండి, ఏడాది చందా కాకుండా మొదట ఒక నెలకే కట్టండి.

ఐర్లాండ్, అలాగే మన ఐ-లీగ్

ఈ రెండింటినీ కలిపి చెప్పడానికి కారణముంది: ఇవి స్క్రీన్ మీద కంటే మైదానంలోనే బాగుంటాయి. డబ్లిన్‌లో ఉంటున్న తెలుగువారు పై వాదనలన్నీ పక్కనపెట్టి శుక్రవారం రాత్రి బొహీమియన్స్ క్లబ్ మైదానం డేలీమౌంట్ పార్క్‌కు వెళ్లండి. 1890లో పుట్టిన ఆ క్లబ్ సొంతదారులు దాని సభ్యులే. పై అంచెలో పదే జట్లు, 36 మ్యాచ్‌లు. ప్రతి ప్రత్యర్థితోనూ నాలుగుసార్లు తలపడటం వల్ల ఒక్క సీజన్‌లోనే పాతకక్షలన్నీ అర్థమైపోతాయి. సొంత మైదానం పోగొట్టుకుని 1987 నుంచి రెండు దశాబ్దాలకు పైగా అద్దె మైదానాల్లో తిరిగి, 2009లో డబ్లిన్ శివారు టాలాట్‌లో స్థిరపడిన షామ్‌రాక్ రోవర్స్ కూడా ఈ లీగ్‌దే. దూరం నుంచి చూడటానికి ఎల్‌ఓఐటీవీ అనే సొంత ప్రసార వేదిక ఉంది గానీ, ఇండియాలో ఉన్నవారికి దీన్ని మొదటి లీగ్‌గా నేను సూచించను.

మన దేశంలో ఐఎస్‌ఎల్‌కు దిగువ అంచెగా మారిన ఐ-లీగ్ మీద నాకు ప్రేమ ఉంది. అంతకుముందు సీజన్‌లో దిగువకు పడిపోయి, తిరిగి అవకాశం దక్కించుకుని, 2016-17లో ఏకంగా విజేత అయిన మిజోరం జట్టు ఐజాల్ ఎఫ్‌సీ లాంటి కథ పెద్ద లీగ్‌లలోనూ అరుదు. హైదరాబాద్ శివారులో ఆడిన శ్రీనిధి దక్కన్ 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టునూ, భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌నూ ఇచ్చిన నగరంలో, ఇంటికి దగ్గరలో వృత్తి ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే వెళ్లకపోవడం తప్పే. కానీ వారం వారం దూరం నుంచి అనుసరించే లీగ్‌కు కావలసిన నిలకడ అక్కడ ఇంకా రాలేదు. ఏప్రిల్‌లో ఆట ముగిసిన 2024-25 సీజన్ విజేత ఇంటర్ కాశీ అని జులైలో స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం తీర్పు ఇచ్చాక గానీ తేలలేదు. కాబట్టి ఐ-లీగ్ మ్యాచ్ దగ్గరలో ఉంటే టికెట్ కొనుక్కుని వెళ్లండి, వారం వారం చూడటానికి ఇంకొక లీగ్ పెట్టుకోండి.

ఇక తేల్చవలసింది మీ వారంలో ఏ వేళ ఖాళీగా ఉందన్నది. ఇండియాలో ఉండి, ఆదివారం ఉదయాలు మీ చేతిలో ఉంటే జె2. సాయంత్రాలే వీలైతే, లేదా అమెరికాలో ఉంటే స్వీడన్. ఈ రెండింటి మధ్య ఎటూ తేల్చుకోలేని వ్యక్తికి నేను స్వీడన్‌నే చూపిస్తాను, ఎందుకంటే అక్కడ క్లబ్‌ను రాత్రికి రాత్రి మరో ఊరికి తీసుకుపోయే అధికారం ఏ ఒక్కరికీ లేదు.

లీగ్ కుదిరాక క్లబ్ ఎంపికలో తొందరపడకండి. విజేతను పట్టుకోకండి, అట్టడుగు జట్టు మీద జాలితో కూడా పోకండి. మొదటి నెలలో నాలుగైదు జట్ల మ్యాచ్‌లు ఒక్కొక్కటి చూసి, ఏ జట్టు వెనుకబడి ఉన్నప్పుడు మీరు కుర్చీలో ముందుకు జరిగారో గమనించండి. ఆ జట్టు పేరు యాప్‌లో పెట్టుకోండి, దాని తరువాతి మ్యాచ్ ఏ రోజు ఎన్ని గంటలకో ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.